సబ్‌ప్రాసెస్ మాడ్యూల్: విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడవవలసిన స్క్రిప్టులకు ఎంతవరకు ఆధారం?

ఒంగోలులోని మా గ్రానైట్ ఎగుమతి కార్యాలయంలో ఇన్వాయిస్‌లు, లెక్కలు విండోస్ మీద నడుస్తాయి. చీమకుర్తి నుంచి వచ్చే స్లాబుల ఫోటోలను సరిదిద్దే విభాగం మ్యాక్ వాడుతుంది. వీటన్నిటి నకళ్లు ఉబుంటు (ఒక రకం లినక్స్) సర్వరులో భద్రమవుతాయి. ఫోటోల పరిమాణం తగ్గించడానికి, ఫోల్డర్లను సర్వరుకు పంపడానికి, కొలతల పట్టికలను కుదించి దాచడానికి మూడుచోట్లా ఒకే స్క్రిప్టు ఉండాలన్నది మా అవసరం. ఆ స్క్రిప్టులు బయటి కమాండ్లను పిలిచేది పైథాన్ ప్రోగ్రామింగ్ భాషతో పాటే వచ్చే సబ్‌ప్రాసెస్ మాడ్యూల్ ద్వారా. 2004లో పైథాన్ 2.4తో వచ్చిన ఈ మాడ్యూల్‌ను షెల్లు (టైపు చేసిన కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాము) జోక్యం లేకుండా వాడినంతకాలం దీనికి సాటి వచ్చే సాధనం నాకు కనబడలేదు. షెల్లును మధ్యలోకి తెచ్చిన మరుక్షణం మాత్రం మూడు యంత్రాలూ మూడు దారులు పడతాయి.

దీని అసలు బలం కమాండును ఒకే వాక్యంగా కాక జాబితాగా ఇవ్వగలగడంలో ఉంది. ప్రోగ్రాము పేరు ఒక అంశం, దానికి అందించే ప్రతి ఆర్గ్యుమెంటూ (ఫైలు పేరు, ఆప్షన్ వంటివి) ఒక్కొక్క అంశం. మా ఫోల్డర్లలో 'గెలాక్సీ & స్టీల్ గ్రే' వంటి పేర్లు సర్వసాధారణం. ఈ పేరును కోట్స్ లేకుండా ఒక వాక్యంలో ఇరికించి 'షెల్=ట్రూ' అని, అంటే షెల్లు ద్వారా నడిపితే, విండోస్‌లోని షెల్లు అయిన సీఎండీ ఆ & గుర్తును రెండు కమాండ్ల మధ్య విభజనగా తీసుకుంటుంది; లినక్స్, మ్యాక్ షెల్లులు దాని ముందున్న కమాండును నేపథ్యంలోకి పంపి, మిగిలిన భాగాన్ని మరొక కమాండుగా నడపబోతాయి. జాబితాగా ఇస్తే ఆ పేరు, ఖాళీలతో సహా, ఉన్నది ఉన్నట్టుగా ప్రోగ్రాముకు చేరుతుంది. బయటివారు పంపిన ఫైలు పేర్లతో పని చేసే స్క్రిప్టుకు ఇది సౌకర్యం మాత్రమే కాదు, భద్రత కూడా.

'షెల్=ట్రూ' అన్నప్పుడు ఏ షెల్లు నడుస్తుందన్నది చాలామంది గమనించరు. విండోస్‌లో కామ్‌స్పెక్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చూపించే సీఎండీ నడుస్తుంది. మిగిలిన రెండింటిలో బిన్ ఫోల్డరులోని ఎస్‌హెచ్ నడుస్తుంది. ఆ ఎస్‌హెచ్ కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. ఉబుంటులో 2006 నుంచి అది డాష్ అనే షెల్లు. మ్యాక్‌లో అది మామూలుగా బాష్ అనే మరో షెల్లు. కనుక జంట చదరపు బ్రాకెట్లతో రాసిన షరతు మ్యాక్‌లో చక్కగా నడిచి, ఉబుంటులో లోపం చూపుతుంది. కోట్స్‌ను సరిచేయడానికి ఉన్న షెలెక్స్ మాడ్యూల్‌లోని కోట్ ఫంక్షను కూడా యూనిక్స్ షెల్లుల కోసమే ఉద్దేశించినది. అది వాడే సింగిల్ కోట్స్‌ను సీఎండీ కోట్స్‌గా గుర్తించదు.

జాబితా పద్ధతికీ విండోస్‌లో ఒక పరిమితి ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. లినక్స్, మ్యాక్ వ్యవస్థలు ఆర్గ్యుమెంట్లను విడివిడిగానే కొత్త ప్రాసెసుకు అందిస్తాయి. విండోస్ మాత్రం మొత్తం కమాండును ఒకే వాక్యంగా, 32,767 అక్షరాల పరిమితితో స్వీకరిస్తుంది కనుక పైథాన్ ఆ జాబితాను కోట్స్ వేసి తిరిగి కలుపుతుంది. సాధారణ ప్రోగ్రాములకు ఇది సరిపోతుంది. సీఎండీ కమాండ్లను వరుసగా రాసి ఉంచే బ్యాచ్ ఫైళ్లకు సరిపోదు, ఎందుకంటే 'షెల్=ట్రూ' అనకపోయినా విండోస్ వాటిని సీఎండీ ద్వారానే నడపవచ్చు. 2024 ఏప్రిల్‌లో రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష సవరణ విడుదల చేసింది ఈ కోవకు చెందిన లోపానికే. పైథాన్ డాక్యుమెంటేషన్‌లో దీనిపై హెచ్చరిక ఉంది. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలను తెచ్చిపెట్టే ఎన్‌పీఎం వంటి సాధనాలు విండోస్‌లో సీఎండీ పొడిగింపు గల ఫైళ్లుగా ఉంటాయి కనుక ఉత్త పేరుతో పిలిస్తే 'ఫైలు కనబడలేదు' అన్న జవాబు వస్తుంది. ముందుగా షుటిల్ మాడ్యూల్‌లోని విచ్ ఫంక్షనుతో పూర్తి చిరునామా కనుక్కొని, దాన్ని జాబితాలో మొదటి అంశంగా ఇవ్వడం మంచిది.

డిర్, కాపీ వంటివి విండోస్‌లో విడి ప్రోగ్రాములు కావు, సీఎండీలోనే అంతర్భాగాలు. షెల్లు లేకుండా అవి దొరకవు. నక్షత్రం గుర్తుతో ఫైళ్లను ఎంచుకోవడం యూనిక్స్ షెల్లు చేసే పని కనుక షెల్లు లేనప్పుడు అదీ జరగదు. పాఠాన్ని మార్చే సెడ్ అనే కమాండులో ఫైలును అక్కడికక్కడే మార్చే ఆప్షన్ లినక్స్‌లో ఒక తీరుగా, మ్యాక్‌లో ఒక తీరుగా ఉంటుంది. ఇటువంటి పనులకు బయటి కమాండు అవసరమే లేదు: పైథాన్‌లోని పాత్‌లిబ్, షుటిల్ మాడ్యూళ్లు ఆ పనులను మూడు యంత్రాల్లోనూ ఒకేలా చేస్తాయి.

ఎగ్జిట్ కోడ్ (కమాండు ముగిసేటప్పుడు ఫలితాన్ని తెలిపే సంఖ్య; సున్నా అంటే మామూలుగా విజయం) విషయంలో 'చెక్=ట్రూ' ఎంతో మేలు చేస్తుంది; కమాండు సున్నా కాని సంఖ్యతో ముగిస్తే స్క్రిప్టు అక్కడే ఆగుతుంది. అయితే విండోస్‌లో ఫోల్డర్లను కాపీ చేసే రోబోకాపీ, ఫైళ్లన్నీ సరిగా కాపీ అయినప్పుడు 1 ఇస్తుంది, 8 లేదా అంతకు మించిన సంఖ్యలే దాని వైఫల్యానికి గుర్తు. లినక్స్, మ్యాక్‌లలో అటువంటి పనే చేసే ఆర్‌సింక్ సున్నానే విజయంగా చెబుతుంది. కాబట్టి రోబోకాపీని పిలిచేచోట 'చెక్' తీసేసి, ఆ సంఖ్యను మనమే పరీక్షించాలి.

తెలుగు ఫైలు పేర్లు వాడేవారు మరింత జాగ్రత్తగా చూడవలసింది ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి. కమాండు జవాబును అక్షరాలుగా చదవడానికి 'టెక్స్ట్=ట్రూ' అని మాత్రమే రాస్తే మన విండోస్ కంప్యూటర్లలో తరచుగా 1252 కోడ్ పేజీ (పశ్చిమ యూరప్ భాషల అక్షరాల పట్టిక) వర్తిస్తుంది. తెలుగుతో సహా అన్ని లిపులకూ పనికొచ్చే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో 'కావలి' అని ముద్రించే ప్రోగ్రాము జవాబును అది ఏ అభ్యంతరమూ లేకుండా అర్థంలేని గుర్తులుగా చదువుతుంది. 'నెల్లూరు' వచ్చిన చోట మాత్రం స్క్రిప్టు లోపంతో ఆగిపోతుంది, ఎందుకంటే పొల్లుకూ, కొమ్ముకూ యూటీఎఫ్-8లో వచ్చే చివరి బైట్లకు 1252లో ఏ అక్షరమూ కేటాయించలేదు. ఆగిపోయిన స్క్రిప్టును వెంటనే సరిదిద్దుకోవచ్చు. చెడిన పేరుతో సాగిపోయిన స్క్రిప్టే ఎక్కువ నష్టం చేస్తుంది. ఆ ప్రోగ్రాము యూటీఎఫ్-8లోనే జవాబిస్తుందని నిర్ధారించుకొని, ఎన్‌కోడింగ్‌ను పేరు పెట్టి రాయడం తప్పనిసరి.

ఇదే పనికి మైక్రోసాఫ్ట్ వారి షెల్లు, స్క్రిప్టు భాష అయిన పవర్‌షెల్‌ను కూడా పరిశీలించవచ్చు. 2018లో వచ్చిన 6.0 నుంచి అది లినక్స్, మ్యాక్‌లలోనూ నడుస్తుంది, విండోస్ పరిపాలన పనుల్లో దానిదే పైచేయి. కానీ ఆ రెండింటిలో దాన్ని విడిగా ఇన్‌స్టాల్ చేయాలి. ఉబుంటు సర్వరులో పైథాన్ సాధారణంగా ముందే ఉంటుంది. విండోస్‌లోనూ, మ్యాక్‌లోనూ తగిన వెర్షన్‌ను మనమే పెట్టుకోవాలి. మా కార్యాలయంలో 3.7 కంటే పాతది ఎక్కడా ఉంచలేదు, ఎందుకంటే కమాండు జవాబును ఒక్క మాటతో పట్టుకునే 'క్యాప్చర్ అవుట్‌పుట్' సదుపాయం అందులోనే మొదలైంది. ఒక స్క్రిప్టు నుంచి మరొక పైథాన్ స్క్రిప్టును పిలిచేటప్పుడు 'పైథాన్' అని గాని 'పైథాన్3' అని గాని రాయకుండా, సిస్ మాడ్యూల్‌లోని ఎగ్జిక్యూటబుల్ విలువను ఇవ్వండి. ఒక్కొక్క యంత్రంలో ఆ ప్రోగ్రాము పేరు ఏదైనా, ప్రస్తుతం నడుస్తున్న వెర్షనే రెండో స్క్రిప్టునూ నడుపుతుంది.