బడులకు కన్సల్టెంట్లను పంపే సంస్థ: ఒక విద్యా సంవత్సరం తరువాత నా అభిప్రాయం

విజయనగరం కేంద్రంగా ప్రైవేటు పాఠశాలలకు ఉపాధ్యాయ శిక్షణ నిమిత్తం స్వతంత్ర కన్సల్టెంట్లను పంపే ఒక సంస్థ తరఫున నిరుడు పనిచేశాను. పేరు రాయడం లేదు గానీ, ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారు ఇటువంటి ఒప్పందంపై సంతకం పెట్టే ముందు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

పనికి కొదవ లేదు. బొబ్బిలి నుంచి పలాస దాకా యాజమాన్యాలతో వారికి పరిచయాలున్నాయి. నేను నేరుగా కుదుర్చుకున్న బడులు కొన్ని 10 శాతం టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే మినహాయించే ఆదాయపు పన్ను) కోసుకుని, ఆ కోతకు ధ్రువపత్రమైన ఫారం 16ఏ కోసం నెలల తరబడి తిప్పించుకున్నాయి. ఈ సంస్థ మాత్రం కోసిన పన్నును గడువులోగా జమచేసి, అడగకుండానే ఫారం పంపింది.

అసలు లోపం వారు అందించే సేవలోనే ఉంది. ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా కనీసం 50 గంటలు వృత్తిపరమైన శిక్షణ పొందాలన్న జాతీయ విద్యా విధానం 2020 మాటను వీరు ఒక పూట సదస్సుగా, ఒక సర్టిఫికెట్‌గా, ఒక గ్రూపు ఫోటోగా కుదించేశారు. తరగతి పరిశీలనకు ఒప్పందంలో చోటే లేదు. రాజాంలోని ఒక బడిలో సదస్సు మధ్యాహ్నం కావడంతో, ఉదయమే వెళ్లి అనుమతి అడిగి రెండో తరగతిలో కూర్చున్నాను. ఒక పాప పాఠం గడగడా చదివేస్తోంది; నోరు పేరా చివరికి చేరింది, వేలు మూడో వరుస మీదే ఉంది. ఆ పాప చదవడం లేదు, కంఠతా వచ్చినది అప్పజెబుతోంది. ఆ టీచరుకు నా ఉపన్యాసం కన్నా, ఆ పిల్లల పక్కన ఆమెతో కలిసి కూర్చునే రెండు మూడు పూటలే పనికొచ్చేవి. మళ్లీ వస్తానంటే ప్రిన్సిపాల్ గారు "సంస్థ వాళ్లతో మాట్లాడండి మేడం" అన్నారు. సంస్థ వారు అది ప్యాకేజీలో లేదన్నారు.

పారితోషికం "పాఠశాల నుంచి సొమ్ము అందిన పిమ్మట" ఇస్తామని ఒప్పందంలో ఉంది కనుక, ఫీజులు వసూలు కాలేదని బడి వాయిదా వేసినప్పుడల్లా ఆ భారం కన్సల్టెంటు మీదే పడుతుంది. ప్రయాణ ఖర్చులు జిల్లా దాటితేనే ఇస్తారు. 2022లో రాజాం విజయనగరం జిల్లాలో కలిసింది కాబట్టి అక్కడికి బస్సు ఛార్జీ కూడా రాలేదు.

ఈ రెండు షరతులనూ సవరించి, ప్రతి బడికీ తరగతి పరిశీలనను తప్పనిసరి చేస్తే మళ్లీ సంతోషంగా పనిచేస్తాను. ఇప్పుడున్న పద్ధతిలోనైతే, యాజమాన్యాలతో పరిచయాలు లేని కొత్తవారికి తప్ప ఇంకెవరికీ సిఫారసు చేయలేను.