పల్లావరంలో శుక్రవారం, రిచీ వీధిలో శనివారం

పాత వీడియో గేములు, సినిమా బొమ్మలు వెతుక్కోవడానికి చెన్నై వెళ్లేవారు టికెట్టు కంటే ముందు వారం చూసుకోవాలి. పల్లావరంలో పాత వస్తువుల సంత జరిగేది శుక్రవారమే. ప్రయాణంలో ఆ రోజు కలవకపోతే సగం పని కానట్టే. ఇది తెలియక రెండేళ్ల కిందట నేను శని, ఆదివారాలు పెట్టుకుని వెళ్లాను. ఆదివారం ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ వీధిలో దించిన షట్టర్లు చూసి వచ్చాను. ఈసారి బుద్ధిగా గురువారం విజయవాడలో పినాకిని ఎక్కాను. మధ్యాహ్నం సెంట్రల్‌లో మా మేనల్లుడు ఎదురొచ్చాడు. వాడు అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు, తమిళం వచ్చు, ఈ పిచ్చి లేదు. "మామయ్యా, ఆ ఆటలన్నీ ఫోనులోనే ఉన్నాయి కదా?" అని స్టేషన్ దాటకముందే అడిగాడు. సమాధానం చెప్పకుండా సంచీ వాడి భుజానికి తగిలించాను.

సెంట్రల్ పక్కనే కాబట్టి ముందు మూర్ మార్కెట్. 1900లో కట్టిన అసలు మార్కెట్ 1985లో కాలిపోయింది. ఆ చోట ఇప్పుడు లోకల్ రైళ్ల స్టేషను ఉంది. దుకాణాలు దగ్గరలోని అల్లికుళం కాంప్లెక్సుకు మారాయి. పుస్తకాలు వెతికేవారికి అది మంచి చోటు. ఆటవస్తువులు మాత్రం అదృష్టం మీద ఆధారపడి ఉంటాయి. నాకు ఒక మూల వ్యూమాస్టర్ దొరికింది. కళ్లకు ఆనించుకుని మీట నొక్కితే బొమ్మ మారే పెట్టె. దాని అట్ట చక్రంలో 14 చిన్న ఫిల్ము ముక్కలు ఉంటాయి. కంటికొకటి చొప్పున జత కలిసి 7 దృశ్యాలు లోతుగా కనిపిస్తాయి. కొనేముందు చక్రాన్ని వెలుతురుకు ఎత్తి చూడాలి. కొడాక్రోమ్ ఫిల్ము అయితే రంగులు ఇప్పటికీ నిలిచి ఉంటాయి. తరువాత వాడిన చవక ఫిల్ము ఎర్రబడిపోతుంది. నాకు చూపించిన మూడింటిలో రెండు కుంకుమ నీళ్లలో ముంచినట్టున్నాయి. మూడోది తీసుకున్నాను. చిన్నప్పుడు సినిమా హాలు వెనక ఏరుకున్న ఫిల్ము ముక్కలను బల్బులో నీళ్లు పోసి గోడ మీద చూసుకున్నవాళ్లకు ఈ పెట్టె మీద మోజు ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

ఆ రాత్రి బస టి.నగర్‌లో. గది శుభ్రంగా, అద్దె ఘనంగా ఉంది. టీవీని గోడకు ఎంత గట్టిగా బిగించారంటే వెనక తీగ పెట్టడానికి వేలు కూడా దూరదు. వీడియో గేములు కొనేవాడికి అలాంటి గది దండగ. ఉదయమే ఖాళీ చేసి ఎగ్మూరులో ఒక పాత లాడ్జికి మారాం. మెట్లు ఎక్కువ, వేడినీళ్లు ఏడు గంటల దాకానే. కానీ లోకల్ రైలు దగ్గర. పైగా కింద హాలులో వెనక పెద్ద మూపున్న పాత పిక్చర్ ట్యూబు టీవీ ఒకటి కనిపించింది. మేనేజరు నెల్లూరు వైపు పెద్దాయన. "అది నడుస్తుందండీ, చూసేవాళ్లే లేరు" అన్నారు. ఆ మాట గుర్తుపెట్టుకున్నాను.

పల్లావరం సంతకు ఎగ్మూరు నుంచి తాంబరం వెళ్లే లోకల్ ఎక్కాలి. ఎండెక్కకముందే చేరడం మంచిది. పూలమొక్కలు, పావురాలు, కుట్టుమిషన్లు, రేడియోలు, ఎవరి ఇంటి నుంచి వచ్చాయో తెలియని ఫొటో ఫ్రేములు అన్నీ నేల మీదే. ధర చెప్పగానే సగానికి అడగడం అక్కడ మర్యాదే. మొహమాటపడితే నష్టం.

మొదట చేతికి అందింది ఇటుకల ఆట. ఆ చిన్న యంత్రం మూత మీద 9999 ఆటలని ఉంటుంది. వేగాలు మార్చి మళ్లీ మళ్లీ లెక్కపెడితే వచ్చిన సంఖ్య అది. దీనికి మూలం 1984లో రష్యాలో పుట్టిన టెట్రిస్, పైనుంచి పడే ముక్కలను పేర్చే ఆట. సంతలో కరెంటు ఉండదు కాబట్టి జేబులో రెండు పెన్సిల్ బ్యాటరీలు వేసుకెళ్లాను. బ్యాటరీల గది తెరిచి, స్ప్రింగుల దగ్గర పచ్చటి చిలుము పట్టిందేమో చూడాలి. తెర మీద గీతలు మాయమైతే భయపడనక్కరలేదు. తెరకు, లోపలి బోర్డుకు మధ్య ఉండే రబ్బరు పట్టీ జరిగి ఉంటుంది. ఆ వంకతోనే ధర తగ్గించుకోవచ్చు. నేను తగ్గించుకున్నాను.

తరువాత దొరికింది జి.ఐ.జో సైనికుడు, అమెరికా సంస్థ హాస్బ్రో తెచ్చిన బొమ్మల వరుసలోది, నా వేలంత బొమ్మ. ఈ కొలతకు సినిమా చరిత్ర ఉంది. 1977లో స్టార్ వార్స్ వచ్చిన మరుసటి ఏడాది కెన్నర్ అనే బొమ్మల సంస్థ దాని పాత్రలను మూడు ముప్పావు అంగుళాల ఎత్తులో చేసి అమ్మింది. అవి విరగబడి అమ్ముడవడంతో 1982లో హాస్బ్రో కూడా తన జో బొమ్మలను అదే ఎత్తుకు కుదించింది. మన దగ్గర వాటిని తయారుచేసింది ఫన్‌స్కూల్, చెన్నై సంస్థే. ఇక్కడ పోసిన బొమ్మల్లో కొన్నింటికి అమెరికాలో లేని వింత రంగులు ఉండటంతో విదేశాల్లోనూ వీటిని వెతికేవాళ్లున్నారు. నా సైనికుడిని నడుము పట్టుకుని తిప్పగానే కాళ్లు ఊడి చేతిలోకి వచ్చాయి. అమ్మే మనిషి మొహం వాడిపోయింది. నిజానికి విరిగిందేమీ లేదు. ఒంట్లో పైభాగాన్ని కాళ్లను కలిపి ఉంచే రబ్బరు రింగు కాలం తీరి తెగిపోయింది, అంతే. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ముప్పై రూపాయలు చేతిలో పెట్టి వచ్చేశాను. ఇది న్యాయమా అని మేనల్లుడు రైలులో అడిగాడు. కిటికీ వైపు తిరిగాను.

అసలు బేరం చివర్లో కుదిరింది: టీవీకి తగిలించే వీడియో గేము, రెండు రిమోట్లు, ఆటలుండే పసుపు క్యాసెట్టు, తెర మీదికి గురిపెట్టే ఆట తుపాకీ కలిపి ఏడు వందలు. తొంభైలలో మన ఇళ్లలో ఆడినవి ఎక్కువగా ఇవే, 1983లో జపాన్ సంస్థ నింటెండో తెచ్చిన ఫ్యామికామ్ అనే గేము యంత్రానికి నకళ్లు. ఆ తుపాకీ తిరుగుదారిలో మెట్రో స్కానర్‌లో కనిపించి పది నిమిషాలు వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. లోకల్‌లోనే వచ్చి ఉండవలసింది.

శనివారం రిచీ వీధి. మెట్రోలో అయితే గవర్నమెంట్ ఎస్టేట్ స్టేషను దగ్గర. పాతవి కొనడానికి కాదు, బాగుచేయించుకోవడానికి వెళ్లవలసిన చోటు ఇది. పై అంతస్తులో ఇరుకు గదిలో కూర్చున్న మెకానిక్ క్యాసెట్టు తీసుకున్నాడు. నేను అలవాటు కొద్దీ "ఊదనా?" అన్నాను. ఆయన తలెత్తి చూసిన చూపుకు అనువాదం అవసరం లేకపోయింది. ఊదితే నోటి తేమకు క్యాసెట్టు అంచునున్న రాగి పళ్లు తుప్పు పడతాయట. అరవై పళ్లనూ రబ్బరుతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి ఇచ్చాడు. నూట యాభై తీసుకున్నాడు. పాత గేమును కొత్త టీవీకి కలిపే కన్వర్టర్ కూడా అక్కడే దొరుకుతుంది. సైనికుడి రబ్బరు రింగు మాత్రం ప్యారీస్ కార్నర్ వైపు హార్డ్‌వేర్ సందులో ఐదు రూపాయలకు దొరికింది. పక్కనే ఉంది కదా అని బర్మా బజార్ కూడా చూశాం. ఫోన్లు, అత్తర్లు, అంతే.

సాయంత్రం వడపళని. ఒకప్పటి విజయా వాహినీ స్టూడియో స్థలంలో ఇప్పుడు పెద్ద మాల్ ఉంది. అద్దాల పెట్టెల్లో హాలీవుడ్ వీరుల బొమ్మలు, ధరలు వేలల్లో. తెలుగు సినిమా పెరిగిన నేల మీద ఒక్క తెలుగు పాత్ర బొమ్మ కూడా కనిపించకపోవడం నాకు కష్టమనిపించింది. దగ్గరలోనే 2023లో తెరిచిన ఏవీఎం స్టూడియో మ్యూజియంలో పాత కార్లు, కెమెరాలు చూడవచ్చు. మాల్‌లో తిరిగే గంట అక్కడ గడపడం మేలు.

రాత్రి లాడ్జి హాలులో గేము బిగించాం. క్యాసెట్టులో ఉన్నది బాతుల వేట (డక్ హంట్), 1984 నాటి ఆట. తుపాకీ మీట నొక్కగానే తెర క్షణంలో పిసరంత కాలం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చదరం వెలుగుతుంది. తుపాకీ గొట్టంలోని కన్ను ఆ వెలుగును పట్టుకుంటే దెబ్బ తగిలినట్టు. కొత్త టీవీ బొమ్మను కాస్త ఆలస్యంగా చూపిస్తుంది కాబట్టి అక్కడ లెక్క తప్పుతుంది. కన్వర్టర్ పెట్టినా తుపాకీ పనిచేయదు. మూపున్న టీవీ మీద మాత్రం మొదటి గుండుకే బాతు పడింది.

మేనేజరు కాసేపు చూసి, కళ్లజోడు సర్దుకుని చెయ్యి చాపారు. పది బాతుల్లో మూడు కొట్టారు. తప్పినప్పుడల్లా గడ్డిలోంచి కుక్క లేచి నవ్వుతుంటే ఆయనకు కోపం వచ్చింది. "దాన్ని కాల్చడం కుదరదా?" అని అడిగారు. కుదరదన్నాను. పదకొండు గంటల వరకు తుపాకీ మా చేతికి ఇవ్వలేదు. ఉదయం అద్దె రశీదు రాస్తూ, ఆ యంత్రం అమ్ముతారా అన్నారు.