ఏడేళ్లుగా ఒకే ఫోల్డర్: మా డీటీపీ కార్యాలయంలో సాంబా

చిక్కడపల్లిలోని మా డీటీపీ కార్యాలయంలో రెండు విండోస్ కంప్యూటర్లు, ఒక ఐమ్యాక్, ఉబుంటు అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే రెండు కంప్యూటర్లు ఉన్నాయి. 2018 చివరలో ఒక ఉబుంటు కంప్యూటర్‌లో సాంబా అనే సాఫ్ట్‌వేర్ వేసి, ఆ కంప్యూటర్‌ను అందరికీ ఫైళ్లు అందించే సర్వర్‌గా మార్చి, ‘పనులు’ అనే ఒకే ఫోల్డర్‌ను అందరికీ తెరిచాం. అంతకుముందు ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లలోనే తిరిగేవి. మూడో ప్రూఫు దిద్దిన ఫైలు ఒక డ్రైవ్‌లో ఉండగా, రెండో ప్రూఫు ఫైలు ప్రెస్సుకు వెళ్లిపోయి, ఒక కవితా సంపుటిలో కవి ఇంటిపేరు తప్పుగానే అచ్చయింది. ఆ పుస్తకాన్ని ఆయన చేతికి ఇచ్చిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ వారమే ఈ ఏర్పాటు మొదలుపెట్టాను.

విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకోవడానికి వాడే ఎస్ఎంబీ పద్ధతిని లైనక్స్‌కు నేర్పేదే సాంబా. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో చదువుకుంటున్న ఆండ్రూ ట్రిడ్జెల్ 1991-92లో దీన్ని మొదలుపెట్టారు. నేటికీ ఉచితంగానే దొరుకుతోంది. మ్యాక్ కూడా 2013లో వచ్చిన మావరిక్స్ అనే రూపం నుంచి ఆ పద్ధతిలో తర్వాతి తరమైన ఎస్ఎంబీ2నే మొదటి ఎంపికగా వాడుతోంది. కాబట్టి విండోస్‌లో గానీ, మ్యాక్‌లో గానీ కొత్తగా ఏదీ వేయాల్సిన పని లేకపోయింది.

పాస్‌వర్డ్ లేకుండా ఫోల్డర్‌ను అందరికీ తెరిచి ఉంచమని చాలామంది సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. ప్రతి ఆపరేటర్‌కూ వేరే యూజర్ పేరు ఇచ్చి, అందరినీ ఒకే గ్రూపులో చేర్చి, ఎవరు ఫైలు సృష్టించినా ఆ గ్రూపు వారందరూ దిద్దగలిగేలా అనుమతులు పెట్టాను. లైనక్స్ పాస్‌వర్డ్ వేరు, సాంబా పాస్‌వర్డ్ వేరు అన్న సంగతి తెలియక మొదటి రోజంతా వృథా అయింది. ఆ శ్రమ ఫలితం తర్వాత కనిపించింది. విండోస్ 11 ప్రో 24హెచ్2 రూపంలో పాస్‌వర్డ్ లేని ఫోల్డర్లకు దారి మూసుకుపోయినప్పుడు మా కార్యాలయంలో ఒక్క పని కూడా ఆగలేదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి: విండోస్ ఒకే సర్వర్‌కు ఒకేసారి రెండు యూజర్ పేర్లతో వెళ్లనివ్వదు. ఒక ఆపరేటర్ కుర్చీలో మరొకరు కూర్చున్నప్పుడు పాత అనుసంధానాన్ని తెంచి, మళ్లీ పేరు ఇచ్చి వెళ్లాలి.

వేగం గురించి నాకు కలిగిన అసంతృప్తికి సాంబా కారణం కాదు. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో, కంప్యూటర్లను తీగలతో కలిపే గిగాబిట్ స్విచ్ కొని బిగించినా, ఐమ్యాక్‌కు సెకనుకు 11 మెగాబైట్లు దాటి రాలేదు. చివరికి తీగ కొసనున్న ప్లగ్గును వెలుతురులో పెట్టి చూస్తే, ఎనిమిది తీగల్లో నాలుగింటినే బిగించి, మిగిలిన నాలుగింటినీ కత్తిరించేశారు. గిగాబిట్ వేగానికి ఎనిమిదీ కావాలి. కొత్త ప్లగ్గు వేశాక అదే తీగపై సెకనుకు 110 మెగాబైట్ల దాకా వస్తోంది. వందలాది చిన్న బొమ్మలున్న ఫోల్డర్‌ను పంపినప్పుడు ఆ వేగం బాగా పడిపోతుంది, దానికి సర్దుకుపోయాం.

తెలుగులో పని చేసేవారికి అసలు పరీక్ష ఫైలు పేర్ల దగ్గర ఎదురవుతుంది. ఒక ఉగాది ప్రత్యేక సంచిక పనిలో ఐమ్యాక్ పాత డిస్కులోని బొమ్మలన్నిటినీ, ఫైళ్లు నకలు చేసే ఆర్‌సింక్‌తో సర్వర్‌కు తెచ్చాం. ఆ తర్వాత, పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ కొన్ని బొమ్మలు లేవని చెప్పసాగింది. ‘రాముడు’, ‘పచ్చడి’ తెరుచుకుంటున్నాయి. ‘చైత్రం’, ‘వైద్యుడు’ తెరుచుకోవడం లేదు. లేదన్న బొమ్మ కళ్ల ఎదుటే ఫోల్డర్‌లో ఉంది. మా ఆపరేటర్ అదే పేరుతో మరో బొమ్మను అక్కడ పెడితే, అది పాతదాన్ని చెరపకుండా పక్కనే చేరింది. ఒకే ఫోల్డర్‌లో ‘చైత్రం’ రెండుసార్లు, చూడటానికి వెంట్రుకవాసి తేడా లేకుండా కనిపించింది.

తెరుచుకోని పేర్లన్నిటిలోనూ ఐత్వం ఉందని గమనించడానికి నాకు రెండు రోజులు పట్టింది. కంప్యూటర్‌లో అక్షరాలను రాసే ప్రమాణమైన యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయవచ్చు, లేదా ఎత్వమూ దాని కింద పడే ఐత్వపు తోకా రెండు గుర్తులుగా రాయవచ్చు. విండోస్‌లో టైపు చేస్తే మొదటిది వస్తుంది. మ్యాక్ పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పద్ధతి డిస్కు మాత్రం పేరును విడగొట్టి రెండో విధంగా దాచుతుంది. లైనక్స్ బైట్లను మాత్రమే చూస్తుంది కనుక దానికి ఇవి రెండు వేర్వేరు పేర్లు. తెలుగు గుర్తులలో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే. కాన్వ్‌ఎంవీ అనే చిన్న పనిముట్టుతో పేర్లన్నిటినీ కలిపిన రూపానికి మార్చాక సమస్య తీరింది.

పేరు పొడవు కూడా ఇలాంటిదే. విండోస్ డిస్కులో పేరుకు 255 గుర్తుల వరకు చోటు ఉంటుంది. మా సర్వర్‌లోని ఈఎక్స్‌టీ4 పద్ధతి డిస్కులో 255 బైట్లే. లైనక్స్ ఆ పేర్లను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు కావాలి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో ఆరు గుర్తులు ఉన్నాయి, అంటే దానికే 18 బైట్లు. వ్యాసం శీర్షిక మొత్తాన్ని ఫైలు పేరుగా పెట్టే అలవాటున్న రచయితల ఫైళ్లు సర్వర్‌లోకి ఎక్కకపోవడానికి కారణం ఇదే. శీర్షిక చివర ప్రశ్నార్థకం ఉంటే మరో చిక్కు: లైనక్స్ దాన్ని అనుమతిస్తుంది, విండోస్ అనుమతించదు. అందువల్ల సాంబా ఆ పేరును ఎవరికీ అర్థం కాని పొట్టి పేరుగా మార్చి విండోస్‌కు చూపిస్తుంది. ఇప్పుడు మేము పని సంఖ్య, పొట్టి పేరు మాత్రమే పెడుతున్నాం.

నాకు మనసు కష్టపెట్టిన సంఘటన ఒకటి చెప్పాలి. కొత్తగా చేరిన అమ్మాయి పొరపాటున ఒక పుస్తకం ఫోల్డర్‌ను తొలగించింది. రీసైకిల్ బిన్‌లో ఉంటుందనుకుంది, నేనూ ఒక క్షణం అలాగే అనుకున్నాను. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో తొలగించిన ఫైలు ఆ బిన్‌లోకి రాదు. ముందు రాత్రి బయటి డిస్కులోకి తీసిన నకలు ఉండబట్టి పుస్తకం దక్కింది, కానీ ఆ రోజు దిద్దిన నలభై పేజీలు పోయాయి. ఆమె సాయంత్రం ఇంటికి వెళ్లకుండా కూర్చుని ప్రూఫులు చూసి మళ్లీ కొట్టింది. సాంబాలోనే రీసైకిల్ అనే సదుపాయం ఉందని, దాన్ని మనమే ఎంచి పెట్టుకోవాలని నాకు ముందే తెలిసి ఉండాల్సింది. ఆ రాత్రే పెట్టాను. ఇప్పుడు తొలగించినవన్నీ సర్వర్‌లోని వేరే ఫోల్డర్‌లోకి చేరుతున్నాయి.

పాత పేజ్‌మేకర్ ఫైళ్ల కోసం దాచుకున్న విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఒకటి ఇంకా మా మూల బల్లపై ఉంది. దానికి ఎస్ఎంబీలో పాత తరమైన ఎస్ఎంబీ1 తప్ప మరొకటి రాదు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వ్యాపించింది ఆ పాత పద్ధతిలోని లోపం ద్వారానే. 2019లో వచ్చిన సాంబా 4.11 కూడా దాన్ని మొదటి నుంచీ మూసే ఉంచుతుంది. ఒక్క అమరిక మారిస్తే ఎక్స్‌పీ కూడా ‘పనులు’ ఫోల్డర్‌లోకి వచ్చేస్తుందని మా ఆపరేటర్లు అడుగుతూనే ఉన్నారు. నేను మార్చలేదు. ఆ కంప్యూటర్‌కు నెట్‌వర్క్ తీగ తీసేశాం. దాని ఫైళ్లు మాత్రం నేటికీ పెన్‌డ్రైవ్‌లోనే వస్తున్నాయి.