కోనసీమలో ఫైన్ ఆర్ట్ పోర్ట్రెయిట్లకి సొంత ప్రింటర్: ఏడేళ్ళు వాడాక చెప్తన్నా

అమలాపురంలో మాది చిన్న స్టూడియో అండి, మేడ మీద రెండు గదులు. పెళ్ళిళ్ళు మానలేదు, తిండి పెట్టేది అవే. కానీ 2018 చివర్లో ఫైన్ ఆర్ట్ పోర్ట్రెయిట్లు కూడా మొదలెట్టి, ఏదో మొండి ధైర్యంతో 17 అంగుళాల పిగ్మెంట్ ఇంకు ప్రింటర్ కొనేశా. 12 ఇంకు ట్యాంకులు, ఒక్కోటి 80 మిల్లీలీటర్లు, ఏ2 సైజు (మామూలు ఏ4 కాగితాలు నాలుగు కలిపినంత) దాకా కొడుతుంది. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే తిట్టాల్సినవి ఉన్నాయి, పైగా అందులో సగం తప్పు మెషిన్‌ది కాదు, మన గాలిది.

ముందు మంచి చెప్పేస్తా. 308 జీఎస్ఎం (చదరపు మీటరుకి 308 గ్రాముల బరువు, అంటే బాగా మందం) కాటన్ పేపర్ మీద మొదటి ప్రింటు బయటికొచ్చినప్పుడు నేనూ మా అసిస్టెంటు కుర్రాడూ కాసేపు మాట్లాడుకోలేదు. మా పెద్దమ్మ ఫొటో అది. అంతకుముందు అదే ఫొటో ల్యాబులో కొట్టిస్తే మొహం ఎర్రగా, పసుపు రాసినట్టు వచ్చింది. ఇక్కడ చామనఛాయ చామనఛాయలానే ఉంది, కళ్ళ కింద నీడలో కూడా గోధుమ రంగు కనపడతాంది. మన ఒంటి రంగుని ఎలా పట్టుకోవాలో నేను కెమెరా పుస్తకాల్లో నేర్చుకోలేదండి, రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీలో నిలబడి నేర్చుకున్నా. 1897లో పుట్టి 1925లోనే పోయాడు, 28 నిండలేదు, ఆ మనిషి వేసిన గోధుమ రంగులు చూస్తే మనోళ్ళు ఫొటోల్లో తెల్లపొడి పూసుకోవాల్సిన పనేంటా అనిపిస్తది. కస్టమర్లు మాత్రం ఇప్పటికీ "కాస్త తెల్లగా చెయ్యండి" అనే అంటారు. కంప్యూటర్లో చూపిస్తే ఒప్పుకోరు, కాగితం చేతిలో పెడితే సగం మంది ఊరుకుంటారు. ప్రింటర్ కొన్నందుకు నాకు దక్కిన పెద్ద లాభం అదే.

ఇప్పుడు అసలు గోల. పిగ్మెంట్ ప్రింటర్ అంటే పాడి గేదె లాంటిదండి, రోజూ పిండకపోతే జబ్బు చేస్తది. ఈ ఇంకులో రంగు కరిగి ఉండదు, సన్నటి పొడిలా తేలుతా ఉంటది, వాడకుండా వదిలేస్తే కాగితం మీద ఇంకు చిమ్మే హెడ్డు సందుల్లో ఎండి గడ్డ కడతది. మన పనేమో ముహూర్తాల మీద నడుస్తది, ఆషాఢం వచ్చిందంటే ఈగలు తోలుకోవడమే. దానికి తోడు 2024లో మూఢం, దాని వెనకే ఆషాఢం అని ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు దాకా పెళ్ళిళ్ళే లేవు కదా, అన్నాళ్ళూ పోర్ట్రెయిట్లకి కూడా మనిషి రాలేదు, ఎందుకంటే మా దగ్గర పోర్ట్రెయిట్ తీయించుకునే వాళ్ళలో ఎక్కువమంది పెళ్ళికి వచ్చి చూసి అడిగేవాళ్ళే. మూఢానికి మనుషులు ఆగుతారు గానీ ప్రింటర్ ఆగదు. అప్పటికే నాకు బుద్ధొచ్చి ఉంది కాబట్టి వారానికి రెండుసార్లు నాజిల్ చెక్ (హెడ్డు రంధ్రాలన్నిట్లోంచీ ఇంకు వస్తందో లేదో చూసే టెస్టు ప్రింటు) వేసి, ఏ4 కాగితం మీద అన్ని రంగులూ ఉన్న ఫొటో ఒకటి కొట్టి పక్కన పడేసేవాణ్ణి. ఆ కాగితాలు ఇప్పుడు మా ఇంట్లో అలమార అరల్లో పరిచున్నాయి.

బుద్ధి ఎప్పుడొచ్చిందంటే 2020లో. మార్చి 25న లాక్‌డౌన్ పెట్టారు, షట్టరేసి ఇంటికెళ్ళా, రెండు నెలలు ఆ గదిలోకి పోలేదు. తిరిగొచ్చి ఆన్ చేస్తే నలుపూ సయానూ (లేత నీలం ఇంకు) అసలు రాలేదు. క్లీనింగ్ మీద క్లీనింగ్ కొట్టా. ఇక్కడ కొత్తగా కొనేవాళ్ళకి ఒక మాట, క్లీనింగ్‌లో పోయేది నీళ్ళు కాదండి, మీ ఇంకే, అదంతా మెయింటెనెన్స్ ట్యాంకులోకి పోతుంది, అది నిండితే అదీ మళ్ళీ కొనాలి. ఆఖరికి హెడ్డే మార్చాల్సొచ్చింది, పార్టుకీ సర్వీసుకి వచ్చినాయన ఖర్చులకీ కలిపి 40 వేల దగ్గర పడింది నాకు. సర్వీసాయన హైదరాబాదు నుంచి వచ్చేదాకా ఎదురుచూసింది ఇంకో మూడు వారాలు. సర్వీసు విషయంలో మాత్రం నా మార్కులు పదికి మూడే, మనకి దగ్గర్లో విజయవాడలో కూడా ఈ మోడల్ విప్పే మనిషి దొరకలేదు.

రెండో శత్రువు చెమ్మ. చుట్టూ కాలవలు, వరి చేలు, కొబ్బరి తోటలు, ఓ పక్క సముద్రం, వానాకాలం మా గదిలో తేమ మీటర్ 85 శాతం చూపిస్తది. కాటన్ పేపర్ ఆ చెమ్మ పీల్చుకుని అంచులు లేస్తాయి, లేచిన అంచుకి హెడ్డు తగిలి షీటు మీద నల్ల గీత, ఏ2 షీటు చెత్తబుట్టలోకి. ఇప్పుడేం చేస్తన్నానంటే ప్రింటర్ గదికి వేరే ఏసీ, తేమ 50 నుంచి 55 శాతం మధ్య ఉంచుతా, కాగితం ప్యాకెట్టు కవర్లోనే ఉంచి కావాల్సిన షీటు ఒక్కటే తీస్తా, తీశాక మెత్తటి బ్రష్షుతో దులుపుతా (కాటన్ నూగు ఊడి ఇంకు పడ్డాక రాలితే తెల్ల చుక్క మిగులుద్ది). కరెంటు సంగతి మీకు తెలిసిందే, యూపీఎస్ లేకుండా ఈ మెషిన్ కొనొద్దు, సగంలో కరెంటు పోతే ఆ షీటు పోయినట్టే.

లెన్సులకి కూడా ఇదే రోగం. నా పాత 85 ఎంఎం లెన్సు లోపల సాలెగూడులాగా ఫంగస్ పట్టి కోటింగ్ తినేసింది, క్లీన్ చేయించినా మచ్చలు పోలేదు. బియ్యం డబ్బాలో పెట్టమని సలహాలిస్తారు, దుమ్ము తప్ప ఏం రాదు. డ్రై క్యాబినెట్ (లోపల తేమ తగ్గించి ఉంచే పెట్టె) కొనుక్కోండి, తేమ 45 శాతం దగ్గర పెట్టండి, అంతే.

బ్యాక్‌డ్రాప్ (ఫొటోలో మనిషి వెనక కట్టే తెర) కథ కూడా చెప్పాలి. బయట చేత్తో పెయింట్ చేసిన కాన్వాసు ధర చూసి కళ్ళు తిరిగి, ఫ్లెక్సీలొచ్చాక పని పోయిన మా ఊరి బోర్డుల ఆర్టిస్టు చేత వేయించుకున్నా. చెయ్యి అద్భుతం, ఆ ఆలివ్ రంగు మీద మచ్చలు మచ్చలుగా వేసింది ఇప్పటికీ ఎవరైనా ఎక్కడ కొన్నావనే అడుగుతారు. కానీ మొదటి దానికి పాత అలవాటుగా గంజి పట్టించి వేశాడు, శ్రావణానికి బూజు, కార్తీకానికి పురుగు. రెండోది గంజి బదులు యాక్రిలిక్ ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) కొట్టించి వేయించా, ఐదేళ్ళయింది, మడత పెట్టకుండా లావు పీవీసీ పైపుకి చుట్టి పెడతా, ఏం కాలేదు.

వెలుతురు గురించి కూడా ఒకటి, ఇది ఎక్కడా చదవలేదు, దెబ్బ తిని తెలుసుకున్నా. ఉత్తరం కిటికీ వెలుగు ఏడాదంతా ఒకేలా ఉంటుందంటారు కదా, అది ఎక్కడో చలి దేశాల లెక్క. మనం పదహారున్నర డిగ్రీల దగ్గర ఉన్నాం, మే మొదటి వారం దాటితే సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడు, ఆగస్టు మొదట్లో గానీ వెనక్కి రాడు. ఆ మూడు నెలలూ పొద్దునా సాయంత్రం ఏటవాలు ఎండ నేరుగా మనిషి మొహం మీద కొడతది. రెండు గ్లాస్గో పంచెలు కలిపి కుట్టి కిటికీకి కడతా, లైటు వెలుగుని మెత్తగా చేసే ఏ సాఫ్ట్‌బాక్సుకీ తీసిపోదు.

ప్రింటు ఇచ్చాక కూడా మన పని అయిపోదు. ఫ్రేమ్ షాపు వాళ్ళు కాటన్ ప్రింటు చూడగానే లామినేషన్ చేసేద్దామంటారు, చెయ్యనివ్వొద్దు. అద్దానికి ప్రింటు ఆనకుండా మధ్యలో మౌంట్ బోర్డు (ప్రింటు చుట్టూ పెట్టే మందపాటి అట్ట) ఉండాలి, లేకపోతే మన చెమ్మకి రెండో ఏడాదికే అతుక్కుంటది. అందుకే ఫ్రేము కూడా నేనే కట్టించి ఇస్తున్నా. 2022 జులై వరదకి, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది చూడండి, ఓ లంక ఊరి కస్టమర్ ఇంట్లో గోడ సగం దాకా నీళ్ళొచ్చాయి. వాళ్ళ పెళ్ళి ఆల్బం పేజీలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నేనిచ్చిన ప్రింటు అంచులు ఉబ్బి, కింద బురద చార పడింది గానీ మొహం రంగు చెదరలేదు. కొత్తది కొట్టిస్తా అంటే ఆ తాతగారు వద్దన్నారు, "ఈ చార ఉండనియ్యి బాబూ, నీళ్ళు ఎంతవరకు వచ్చాయో గుర్తుంటది" అని.

డబ్బుల లెక్క అడుగుతారు కాబట్టి, నెలకి పది పెద్ద ప్రింట్లు లేకపోతే సొంత ప్రింటర్ వద్దండి, నిజంగా వద్దు. నాకు మొదటి మూడేళ్ళు నష్టమే, పెళ్ళిళ్ళ డబ్బు తెచ్చి ఇందులో పోశా, మా ఆవిడ దీన్ని ఈ ఇంటికి రెండో కోడలు అంటది. నాలుగో ఏడు నుంచి గల్ఫ్‌లో ఉన్నోళ్ళు అమ్మానాన్నల పోర్ట్రెయిట్లు ఆర్డర్ ఇవ్వడంతో గాడిన పడింది. ముసలోళ్ళు మొదట్లో "ఇప్పుడే దండెయ్యడానికి తీస్తన్నావేంట్రా" అని నవ్వుతానే కోప్పడతారు, కూర్చోబెట్టి కాసేపు కబుర్లు చెప్తే తరవాత వాళ్ళే చీర మార్చుకొస్తానంటారు.

మొన్న భీమవరం నుంచి ఓ కుర్రాడు ఇదే మోడల్ కొంటానని ఫోన్ చేశాడు. కొనొద్దు, ఫైళ్ళు పట్టుకుని నా దగ్గరికి రా, ఇంకు ఖర్చు ఇస్తే చాలు అన్నా, వాడికీ లాభం, నా హెడ్డుకీ లాభం. మీరెవరైనా వచ్చినా అంతే, కాకపోతే కాగితం ప్యాకెట్టు దారిలో విప్పకుండా తెచ్చుకోండి.