వార్సా కాటిన్ మ్యూజియం: పక్కనున్న పెద్దది చూసేసి వెనక్కి రాకండి

వార్సాలో సిటాడెల్ కోటకి వెళ్ళే మనవాళ్ళు కొత్తగా కట్టిన పోలిష్ హిస్టరీ మ్యూజియం ముందు ఫొటోలు దిగి వచ్చేస్తున్నారు, అదే కోటలో ఓ పక్కకి పాత ఎర్ర ఇటుకల కట్టడంలో కాటిన్ మ్యూజియం ఉంది, నన్నడిగితే ముందు చూడాల్సింది అదే.

మ్యాటర్ తెలీనివాళ్ళకి: 1939లో సోవియట్ సైన్యం తూర్పు పోలండ్‌లోకి దిగి ఆఫీసర్లనీ పోలీసుల్నీ పట్టుకుపోయింది. 1940 మార్చి 5న సోవియట్ రహస్య పోలీసుల చీఫ్ బెరియా వీళ్ళని చంపేద్దామని పెట్టిన నోట్ మీద స్టాలిన్ సంతకం పడింది, అంతే, కొన్ని వారాల్లో దాదాపు 22 వేల మందిని చంపేశారు. కోర్టు లేదు, లాయర్ లేడు, తల వెనక తుపాకీ పెట్టి కాల్చడమే, వాళ్ళలో వేలమందిని గోతుల్లో పూడ్చింది రష్యాలో స్మోలెన్స్క్ ఊరి దగ్గరి కాటిన్ అడవిలో. వీళ్ళలో చాలామంది రిజర్వ్ ఆఫీసర్లు, అంటే మామూలు రోజుల్లో డాక్టర్లు, టీచర్లు, ఇంజనీర్లు. మ్యూజియం బయట దారి వెంట ఖాళీ దిమ్మెలు వరసగా ఉంటాయి, వాటి మీద మనుషుల పేర్లుండవు, చేసిన పని పేరే ఉంటుంది.

అసలైంది మాత్రం గోతుల్లోంచి తీసిన వస్తువుల సెక్షన్. గుండీలు, కళ్ళజోళ్ళు, దువ్వెనలు, క్యాంపులో చెక్కతో చేసుకున్న సిగరెట్ పెట్టెలు. తొందరగా దాటేయకండి, ఎందుకంటే కేసు తేల్చింది ఇలాంటి సామానే. 1943లో జర్మన్లు గోతులు బయటపెడితే, హిట్లర్ వాళ్ళకి కావాల్సింది ప్రచారమే అనుకోండి, సోవియట్లు ఇది మీరే 1941లో చేశారని ఎదురు తిరిగారు, పైగా దొరికిన గుళ్ళు కూడా జర్మనీలో తయారైనవే. కానీ చనిపోయినవాళ్ళ జేబుల్లో డైరీలు, న్యూస్‌పేపర్లు అన్నీ 1940 వసంతం దగ్గరే ఆగిపోయాయి, జర్మన్లు ఆ స్మోలెన్స్క్ వైపు వచ్చిందేమో 1941 జులైలో! మేజర్ ఆడమ్ సోల్స్కీ అనే ఆయనైతే 1940 ఏప్రిల్ 9న అడవిలోకి తెచ్చారని, వెతికి వాచీ లాక్కున్నారని, పెళ్ళి ఉంగరం గురించి అడిగారని రాసుకున్నాడు, తర్వాత డైరీలో ఏమీ లేదు. ఇంత సాక్ష్యం పెట్టుకుని కూడా మాస్కో 1990 దాకా ఒప్పుకోలేదు, గోర్బచేవ్ వచ్చాక గానీ. చంపడం ఒక ఎత్తు, యాభై ఏళ్ళు ఆ కుటుంబాల మొహం మీదే అబద్ధం చెప్పడం ఇంకో ఎత్తు, నాకు రెండోదే ఎక్కువ మండింది.

రేటింగ్ 5కి 5. చిన్న పిల్లల్ని తీసుకెళ్ళకండి, పుర్రెల ఫొటోలకి జవాబు చెప్పుకోలేరు. ద్వోర్జెత్స్ గ్దాన్స్కి మెట్రోలో దిగితే నడిచి వెళ్ళిపోవచ్చు, టైమింగ్స్ మాత్రం ముందే చూసుకోండి.