రెండేళ్ళుగా తొడకు కరెంటు పెట్టుకుంటున్నాను: కండరాల స్టిమ్యులేటర్‌పై నా సమీక్ష

మోకాలి లిగమెంటు ఆపరేషన్ అయిన పదో రోజు. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, "తొడ బిగించండి మేడమ్" అన్నారు ఫిజియో. బిగిస్తున్నాననే అనుకున్నాను. చెయ్యి వేసి చూసుకుంటే తొడ ముందు కండరం పిండిముద్దలా మెత్తగా ఉంది. పదహారేళ్ళుగా పీఈటీగా పిల్లలకు వాలీబాల్ నేర్పుతున్నదాన్ని. నా కాలు నా మాట వినకపోయేసరికి కళ్ళనీళ్ళు ఆగలేదు.

కండరానికి ఏమీ కాలేదని ఆయన చెప్పారు. మోకాలిలో వాపు ఉన్నంతకాలం అక్కడి నరాల నుంచి వెళ్ళే సంకేతాల వల్ల వెన్నుపాము తొడ కండరానికి అందే ఆజ్ఞను తగ్గించేస్తుందట. పై నుంచి ఆజ్ఞ సరిగా రాకపోతే బయటి నుంచి కరెంటుతో పంపవచ్చని అన్నారు. అలా అరచేతిలో పట్టేంత స్టిమ్యులేటర్, నాలుగు జెల్ ప్యాడ్‌లు ఇంటికొచ్చాయి.

మొదటి రోజు గుర్తుంది. ముందు చీమలు పాకినట్టు, తర్వాత సన్నగా సూదులు గుచ్చినట్టు. అంకె 28 మిల్లీఆంపియర్ల దగ్గరికి వచ్చేసరికి తొడ గట్టిపడి, మోకాలి చిప్ప నా వేళ్ళ కింద నుంచి పైకి జరిగింది. మడమ పక్క మీద నుంచి వేలెడంత లేచింది. పది సెకన్లు అలాగే ఉండి దిగింది. పక్కనే నిలబడ్డ అత్తయ్య "లేచిందమ్మా, లేచింది!" అని రెండుసార్లు అన్నారు.

చాలామంది కరెంటు కండరాన్ని నేరుగా లాగుతుందనుకుంటారు. నిజానికి అది ముందు కదిలించేది నరాన్ని. కండరం కన్నా నరం చాలా తక్కువ కరెంటుకే స్పందిస్తుంది. నరం చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవుతుంది, దాంతో కండరపు పోగు పొర మీద విద్యుత్ తరంగం పరుగెత్తి, లోపల దాచి ఉన్న కాల్షియంను వదిలిస్తుంది. కాల్షియం అందగానే ఆక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్ పోగులు ఒకదాని మీద ఒకటి జారి కండరం పొట్టిదవుతుంది. అందుకే నరం పూర్తిగా దెబ్బతిన్న కండరానికి ఇలాంటి ఇంటి యంత్రం పనికిరాదు. దానికి ఎన్నో రెట్లు ఎక్కువసేపు ఉండే పల్స్‌లు, అంటే కరెంటు తాకిళ్ళు, కావాలి.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఫ్రీక్వెన్సీ మార్చి చూడటం. 2 హెర్ట్జ్ పెడితే సెకనుకు రెండుసార్లు తొడ టక్, టక్ మని ఎగురుతుంది. 10కి పెంచితే వణుకు. 35 దాటాక వణుకు పోయి ఒకే బిగువు. ముందు పల్స్‌కు వచ్చిన కాల్షియం వెనక్కి పోయేలోపే తర్వాతి పల్స్ వచ్చిపడుతుంది కాబట్టి కండరానికి సడలే వ్యవధి ఉండదు. 1791లో ఇటలీ శాస్త్రవేత్త గాల్వానీ కప్ప కాళ్ళ మీద విద్యుత్ ప్రయోగాలు ప్రచురించారని పాఠంలో చదివిందే, నా తొడ మీద చూశాక అర్థమైంది.

నాకు పెట్టిన సెట్టింగు 50 హెర్ట్జ్, ఒక్కో పల్స్ 300 మైక్రోసెకన్లు; 10 సెకన్లు బిగింపు, 50 సెకన్లు విశ్రాంతి. అంత విశ్రాంతి దండగ అనుకుని ఓసారి 20కి తగ్గించాను. ఐదారు బిగింపులకే తొడ వదిలేసింది. మనంతట మనం బిగించేటప్పుడు పోగులు వంతులవారీగా పనిచేస్తాయి. కరెంటు మాత్రం ప్యాడ్ దగ్గరి పోగులనే ప్రతిసారీ ఒక్కుమ్మడిగా లేపుతుంది, అవి తొందరగా అలసిపోతాయి.

ఫలితం టైలరు టేపుతో కొలిచాను. మోకాలి చిప్పకు 15 సెంటీమీటర్ల పైన రెండు తొడలకూ మొదట 4 సెంటీమీటర్ల తేడా. నాలుగు నెలలకు ఒకటిన్నర, ఇప్పుడు అర. ఆ ఘనతంతా యంత్రానిదని చెప్పను. కరెంటు వచ్చినప్పుడల్లా నేనూ పళ్ళబిగువున తొడ బిగించేదాన్ని, వ్యాయామం ఒక్కరోజూ మానలేదు. ఊరికే ప్యాడ్‌లు అంటించి టీవీ చూసిన వారాల్లో టేపు కదల్లేదు.

లోపాలున్నాయి. పాతిక వాడకాలకే ప్యాడ్‌ల జిగురు పోతుంది. అంచు లేచిన ప్యాడ్‌తో కరెంటు ఒక్కచోటే గుమిగూడి మంట పుడుతుంది, కండరం మాత్రం కదలదు. కొబ్బరినూనె రాసిన కాలికి అసలు అంటదు, సబ్బుతో కడిగి ఆరనివ్వాలి. ఏడాదికే వైరు పిన్ను దగ్గర తెగింది. అమ్మినవాళ్ళు పొట్ట కరుగుతుందని కూడా ఊదరగొట్టారు, అది నాకు కోపం తెప్పించింది. బరువు తగ్గడానికి ఇలాంటి యంత్రం దేనికీ అనుమతి ఇవ్వలేదని అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ స్పష్టంగానే చెప్పింది. నొప్పి తగ్గించే టెన్స్ యంత్రాన్ని కూడా ఇదే అనుకుని కొనకండి. అది నొప్పి కోసం, కండరానికి బలం కోసం కాదు.

ఆపరేషన్ తర్వాత తొడ బిగించలేకపోతున్న వాళ్ళకైతే కొనమనే చెబుతాను, కానీ ప్యాడ్ ఎక్కడ పెట్టాలో ఫిజియో చేత పెన్నుతో గుర్తు పెట్టించుకున్నాకే. గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్ళు, కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టినవాళ్ళు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. మెడ ముందుభాగాన ఎవరూ పెట్టకూడదు. మొన్న మామయ్య మోకాలి నొప్పికి "నాకూ ఓసారి పెట్టమ్మా" అన్నారు. ఆయన గుండెకు పేస్‌మేకర్ ఉంది. పెట్టనన్నాను. నొచ్చుకున్నారు, అయినా యంత్రం ఉన్న సంచీ బీరువాలో పెట్టి తాళం వేశాను.