పదకొండేళ్లుగా మా బల్ల మీద తిరుగుతున్న పాత బొమ్మ రైలింజను

2013 డిసెంబరులో చెన్నైలోని ఒక పాత సామాన్ల కొట్టులో 900 రూపాయలకు కొన్నాను. ‘నడుస్తుంది సార్’ అన్నాడు కొట్టతను. ఇంటికి తెచ్చి పట్టాల మీద పెడితే ఒక్కసారి వణికి ఊరుకుంది. నెల్లూరు జిల్లా బిట్రగుంటలో మా ముందుగది బల్ల మీద ఇప్పుడది నడుస్తోంది. నడిపించడానికి నేను పడ్డ పాట్లు, నా చేతులారా చేసిన పాడు, రెండూ చెబుతాను. కొత్త సెట్టు కొనుక్కునేవాళ్లకు ఇందులో పనికొచ్చేది తక్కువ.

ఇంగ్లండులో తయారైన ఆరు చక్రాల ట్యాంకు ఇంజను, అంటే నీళ్ల తొట్టి తన ఒంటి మీదే ఉండే రకానికి బొమ్మ. ఓఓ స్కేలు, అంటే అసలు ఇంజనులో 76వ వంతు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు, నడిచేది 12 వోల్టుల డీసీ కరెంటు మీద. మా నాయన ఇక్కడి ఆవిరి ఇంజన్ల షెడ్డులో ఫిట్టరుగా చేశాడు. బొమ్మకు ఎదురుగా వంగి చూసి, ‘ఒళ్లు బాగుందిగానీ కాళ్లు మరీ దగ్గరగా ఉన్నాయిరా’ అన్నాడు. లెక్క వేస్తే ఆయన మాటే నిజమైంది. ఇంగ్లండులో అసలు పట్టాల వెడల్పు 1435 మిల్లీమీటర్లు. ఆ లెక్కన బొమ్మకు 18.8 ఉండాలి. అక్కడి ఇంజన్లు చిన్నవి కావడంతో అప్పటి మోటార్లు వాటి బొమ్మల్లో పట్టలేదు. అందుకని ఒంటిని కాస్త పెంచి, 87వ వంతు బొమ్మల పట్టాల మీదే నిలబెట్టారు. స్కేలు పట్టకుండా కంటితోనే పట్టేశాడాయన.

మోటారు కాలిపోయిందనే అనుకున్నాను. ఇలాంటి ఇంజన్లు కొన్నవాళ్లలో చాలామంది మొదట అనుకునేది అదే. నిజానికి వైండింగు, అంటే మోటారులోని తీగచుట్ట, కాలడం అరుదు. మోటారులో తిరిగే భాగం ఆర్మేచరు. దాని చివర, తీగచుట్టలకు కరెంటు అందించే రాగి కమ్యుటేటరు మూడు ముక్కలుగా ఉంటుంది. ఒక్కొక్క జత మధ్య మల్టీమీటరు పెట్టి నిరోధం చూస్తే మూడుసార్లూ ఇంచుమించు ఒకే అంకె రావాలి. నాకు వచ్చింది. అంటే వైండింగు బాగానే ఉంది. ఆ ముక్కల మధ్య సందుల్లో కార్బన్ పొడి, ఎండిన నూనె కలిసి నల్లటి జిగురులా పేరుకుపోయాయి. కరెంటు తీగచుట్టలోకి పోకుండా ఆ జిగురు మీదుగా అడ్డదారిన పోతోంది. చీపురుపుల్ల చివర చెక్కి ఒక్కొక్క సందూ గీకాను. సెల్‌ఫోన్ బాగుచేసే కొట్లలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలులో దూది ముంచి తుడిస్తే దూది మసిగుడ్డలా అయింది, రాగి మాత్రం పెళ్లి చెంబులా మెరిసింది.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. పూర్తిగా శుభ్రం చేయాలన్న అత్యాశతో అయస్కాంతాన్ని కూడా ఊడదీసి, రాత్రంతా బల్ల మీద వదిలేశాను. ఆ కాలపు మోటార్లలో ఉండేది ఆల్నికో అయస్కాంతం. దాని రెండు కొనలనూ కలుపుతూ ఇనుప ముక్క ఏదీ పెట్టకుండా బయటికి తీస్తే బలం తగ్గిపోతుంది. నాకది తరువాతే తెలిసింది. మర్నాడు బిగిస్తే ఇంజను కదిలిందిగానీ ముసలి ఎద్దులా కదిలింది. ఐదు నిమిషాల్లో మోటారు చెయ్యి పెట్టలేనంత కాలింది. మీకు అయస్కాంతంతో పని లేకపోతే దాని జోలికి పోకండి. తీయక తప్పకపోతే ముందు ఇనుప ముక్క అతికించి తీయండి.

ఏడాదిపాటు అలాగే ఈడ్చుకొచ్చి, చివరికి పాత అయస్కాంతం తీసేసి చిన్న నియోడిమియం అయస్కాంత బిళ్లలు పెట్టాను. మిగిలిన ఖాళీలో ఇనుప రేకు ముక్కలు నింపాను. మొదటిసారి మీట ముందుకు తిప్పితే ఇంజను వెనక్కి పోయింది! బిళ్లలు తిరగేసి పెడితే దారికి వచ్చింది. మొత్తం మరమ్మతులో నాకు బాగా నచ్చిన పని ఇదే. ఇప్పుడు గంటసేపు నడిచినా గోరువెచ్చగానే ఉంటుంది, మునుపు దానికి లేని నిదానపు నడక కూడా వచ్చింది.

కమ్యుటేటరుకు ఆనుకుని కరెంటు అందించే కార్బన్ ముక్కల దగ్గర పిసినారితనానికి పోయాను. పాత మిక్సీ కార్బన్‌ను ఆకురాయితో అరగదీసి పెట్టాను. తిరిగిందిగానీ నీరసంగా. మిక్సీది 230 వోల్టుల కోసం చేసినది. 12 వోల్టుల మోటారుకు రాగి పొడి కలిసిన మెత్తటి కార్బన్ కావాలి. సరైన జత తెప్పించాక ఆరేళ్లు మళ్లీ విప్పలేదు.

నూనె సంగతికి వస్తే, కుట్టుమిషను నూనె సూదిమొనతో ఇరుసుకు ఒక్క చుక్క చాలు. నేను మొదట్లో పోపు పెట్టినట్టు పోశాను. అది పట్టాలకు పాకింది, దుమ్ము పట్టింది, చక్రాలకు నల్లటి పట్టీ కట్టింది. చక్రాల నుంచే కరెంటు ఎక్కాలి కాబట్టి ఇంజను రెండు అడుగులకోసారి ఆగేది. ఈ పదకొండేళ్లలో ‘మళ్లీ పాడైంది’ అని నేను తల పట్టుకున్న సందర్భాల్లో ఎక్కువభాగం మోటారు తప్పు కాదు, ఈ మురికే. పట్టాలను గరుకు కాగితంతో మాత్రం రుద్దకండి. గీతలు పడి మురికి ఇంకా గట్టిగా పడుతుంది.

సముద్రపు గాలి మాకు దగ్గర. సెట్టుతో వచ్చిన ఉక్కు పట్టాలు రెండో కార్తీకం నాటికే ఎర్రబడ్డాయి. నికెల్ సిల్వర్ పట్టాలకు మారాక తుప్పు బాధ లేదు. పేరులో వెండి ఉన్నా అందులో ఉండేది రాగి, జింకు, నికెల్ మాత్రమే.

ఒక తుఫాను రోజున కరెంటు పోతే స్కూటర్ బ్యాటరీ నేరుగా తగిలించాను. ఇంజను మలుపు దగ్గర ఎగిరి నేల మీద పడింది, వెనక కొక్కెం విరిగింది. ఇప్పుడున్నది జెమ్ క్లిప్పు వంచి చేసినది. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. ఇంజను పట్టాలు తప్పి దాని లోహం రెండు పట్టాలనూ కలిపితే బ్యాటరీ కరెంటు ఆగదు, తీగ కాలిపోతుంది. మధ్యలో ఫ్యూజు లేకుండా ఆ పని చేయకండి.

లాగే బలం ఇప్పటికీ తక్కువే. జువ్వలదిన్నె నుంచి తెచ్చిన వల సీసం గుళ్లు డ్రైవరు గదిలో నింపాక మూడు పెట్టెలకు బదులు నాలుగు లాగుతోంది. ఐదోది తగిలిస్తే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. మొన్న అది చూసి నాయన, ‘ఇసుక వెయ్యాలిరా, మేం పట్టాల మీద అదే వేసేవాళ్లం’ అన్నాడు. పళ్ల చక్రాల్లో పడితే మొత్తం విప్పాలి నాయనా అన్నాను. కాసేపు ఆలోచించి, ఐదో పెట్టెను ఆయనే విప్పి పక్కన పెట్టాడు.